అద్దం మీద చీర

మా నాట్యం క్లాసు వార్షికోత్సవానికి నెల ముందు డ్రెస్సులు కుట్టే ఆయన మా మేడ మీది హాలుకి వచ్చి పిల్లల కొలతలు తీసుకుంటాడు. టేపు చుట్టి అంకె పైకి చదువుతాడు, పక్కన కుర్రాడు నోటుబుక్కులో రాసుకుంటాడు. మూడేళ్ళ కిందట అలాంటి ఒక సాయంత్రం ఎనిమిదో తరగతి పాప నడుము కొలత చదవగానే, గోడవారగా కూర్చున్న వాళ్ళమ్మ "ఒక రెండంగుళాలు తగ్గించి కుట్టెయ్యండి, అప్పటికి తగ్గుతుంది లెండి" అంది. కోపంగా కాదు, నవ్వుతూనే అంది. పాప కూడా నవ్వింది. నవ్వుతూనే పొట్ట లోపలికి లాక్కుంది.

లాక్కున్న ఆ పొట్టను నెల రోజులపాటు వదల్లేదు.

నాకది వెంటనే తెలియలేదు. మూడోకాలం జతి అవలీలగా తొక్కే పిల్ల, సగంలోనే ఆయాసపడటం మొదలుపెట్టింది. ప్రతి దెబ్బకీ భుజాలు పైకి లేస్తున్నాయి. మోకాళ్ళు సగం మడిచే అరమండి భంగిమలో కూర్చున్నది కూర్చున్నట్టే మెల్లగా పైకి వచ్చేస్తోంది. ప్రాక్టీసు తగ్గిందనుకున్నాను. తట్టుకర్ర వాయిస్తూ "కూర్చో, ఇంకా కూర్చో" అని అరిచాను కూడా. చివరికి ఒకరోజు ఆపి, వెనకనుంచి రెండు చేతులూ ఆ పిల్ల పక్కటెముకల మీద పెట్టి "ఊపిరి తీసుకో" అన్నాను. నా అరచేతుల కింద ఏమీ కదల్లేదు. గొంతు దగ్గర, భుజాల దగ్గర మాత్రమే కదలిక. "పొట్ట వదులు చేసి తీసుకోమ్మా" అన్నాను. ఆ పిల్ల అద్దంలో తనవంక చూసుకుని చాలా మెల్లగా, "వదిలితే కనిపిస్తుంది టీచర్" అంది.

ఆరోజు నుంచి ఈ విషయం తల్లిదండ్రులతో మాట్లాడాలని అనుకుంటూనే ఉన్నాను. ఒక్కొక్కరితో గుమ్మం దగ్గర చెప్పులు వేసుకునేటప్పుడు చెప్పే మాటలు ఇవి. ఇప్పుడు కూర్చుని చెబుతున్నాను.

మనలో ఒక మాట ఉంది: "ఒళ్ళు దగ్గర పెట్టుకో." మందలింపుగానే వాడతాం. కానీ నాట్యం నేర్చుకునే పిల్లకి ఇంతకంటే మంచి దీవెన నాకు కనిపించదు. పన్నెండేళ్ళు వచ్చేసరికి పిల్లల ఒళ్ళు వాళ్ళ దగ్గర ఉండదు. అద్దంలో ఉంటుంది, ఫోనులో తీసిన వీడియోలో ఉంటుంది, పెళ్ళిలో కనిపించిన పెద్దమ్మ నోట్లో ఉంటుంది, టైలరు టేపు మీద ఉంటుంది. దాన్ని తిరిగి వాళ్ళ దగ్గరికి చేర్చడానికి మనం చేయగలిగింది చాలా ఉంది.

లోకంలో కొందరు ఈ పని మీదే జీవితాలు గడిపారు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో 1869లో పుట్టిన ఎఫ్. ఎం. అలెగ్జాండర్ రంగస్థలం మీద పద్యాలూ సంభాషణలూ చదివేవాడు. చదివేటప్పుడు గొంతు పోయేది. అద్దాల ముందు నిలబడి తనను తాను గమనించుకుంటే, నోరు తెరిచే ముందే తల వెనక్కి లాక్కుని మెడ బిగిస్తున్నాడని తేలింది. మోషే ఫెల్డెన్‌క్రైస్ భౌతికశాస్త్రం చదివినవాడు, జూడో నేర్చినవాడు. మోకాలు దెబ్బతిని నడక కష్టమైనప్పుడు, నేలమీద పడుకుని చిన్న చిన్న కదలికలు చేస్తూ ఒళ్ళు ఎలా కదులుతోందో కనిపెట్టడం మొదలుపెట్టాడు. 1970లలో అమెరికాలో థామస్ హానా ఈ దారులన్నిటికీ కలిపి సొమాటిక్స్ అన్న పేరు పెట్టాడు. సోమ అన్న గ్రీకు మాటకు ఒళ్ళని అర్థం. హానా ఆ మాటను వాడింది బయటినుంచి కంటికి కనిపించే ఒంటి గురించి కాదు, లోపలి మనిషికి తెలిసే ఒంటి గురించి. ఇవాళ విదేశాల్లో ఎన్నో విశ్వవిద్యాలయాల నాట్యశాఖల్లో ఇదొక పాఠం. ఎంత ఎత్తు కాలు లేపావన్నది కాదు అక్కడ ప్రశ్న. లేపేటప్పుడు ఊపిరి ఆగిందా, బరువు ఏ పాదం మీద ఉంది, అక్కర్లేకుండా ఏ కండ బిగిసింది, ఇవీ ప్రశ్నలు.

ఆ పిల్ల విషయంలో జరిగింది చూడండి. పొట్ట బిగించి ఉంచితే డయాఫ్రం కిందికి సరిగా దిగదు. అది దిగకపోతే ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆడుతుంది. దాన్ని లాగడానికి మెడ, భుజాలు పనిచేయాల్సి వస్తుంది. భుజాలు బిగిస్తే చేతులు బరువెక్కుతాయి, హస్తాలు కర్రల్లా అవుతాయి. నడుము కదలకపోతే అరమండి బరువంతా మోకాళ్ళ మీద పడుతుంది. ఒక్క నవ్వుతాలు మాట నడుము దగ్గర మొదలై మోకాలి దాకా ప్రయాణించింది. నేను ఆ మోకాలిని పట్టుకుని అరిచాను.

ఆ పిల్ల ఆ మాటన్న మరునాడు హాల్లో అద్దానికి ఒక పాత చీర కట్టేశాను. పిల్లలు మొదట కంగారుపడ్డారు. "తప్పు చేస్తున్నామో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నారు. పదిహేను రోజులు పోయాక పాదం నేలకి తగిలిన చప్పుడు వినడం మొదలుపెట్టారు. పక్కవాళ్ళ దెబ్బతో తమ దెబ్బ కలిసిందో లేదో చెవితో పట్టుకున్నారు.

ఇది నా ఒక్కదాని అనుభవమే కాదు. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో బ్యాలే నేర్పిన శాలీ రాడెల్, మరికొందరితో కలిసి 2003లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. కొత్తగా చేరిన ఒక తరగతికి అద్దాలతో, ఇంకొక తరగతికి అద్దాలు లేకుండా అవే పాఠాలు చెప్పారు. నెమ్మదిగా సాగే నృత్యభాగంలో అద్దం లేని తరగతే ఎక్కువ మెరుగుపడింది. కొద్దిమంది మీద చేసిన పరిశీలన అది, దాన్నిబట్టి లోకమంతటికీ సూత్రం కట్టలేం. అయినా పాఠం చెప్పేవాళ్ళకి అది కొట్టిపారేసే విషయం కాదు.

అలాగని అద్దాన్ని శత్రువని చెప్పను. అలెగ్జాండర్‌కి తన తప్పు తెలిసింది అద్దంలోనే. పైగా ఆయన కనిపెట్టిన ఇంకో సంగతి నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది: తల సరిచేశానని తనకి అనిపించిన క్షణంలో కూడా అద్దంలో చూస్తే తల వెనక్కే ఉంది. అలవాటు పడ్డ ఒళ్ళు లోపలినుంచి చెప్పే కబురు కూడా ఒక్కోసారి తప్పే. అందుకే నేను నెలకి నాలుగు రోజులు చీర తీసేస్తాను. ఆ రోజుల్లో అద్దం మోచేయి ఎత్తు చూసుకోవడానికి, వరుస చూసుకోవడానికి. పొట్ట చూసుకోవడానికి కాదని పిల్లలకి ముందే చెబుతాను. ఇంట్లో మీరు తీసే వీడియో కూడా అంతే. తాళం తప్పిన చోటు చూసుకోవడానికి తీయండి, చూశాక పాప ముందే చెరిపేయండి. దాచి, పది గ్రూపుల్లో పెట్టి, "లైకులు ఎన్ని వచ్చాయో చూడు" అనకండి.

ఇక్కడ కొందరు తండ్రులు నాతో శాస్త్రం మాట్లాడతారు. నందికేశ్వరుడి అభినయదర్పణంలో పాత్ర, అంటే నాట్యకత్తె, మరీ లావు కాకూడదు, మరీ సన్నం కాకూడదు అని ఉంది కదమ్మా, అంటారు. ఉంది. మరీ పొడుగూ మరీ పొట్టీ కాకూడదనీ ఉంది. ఆ మాటలు ఒక కాలంలో, ఆనాటి సభలను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. వాటిని ఇవాళ పదమూడేళ్ళ పిల్ల మీద టేపులా చుట్టడం నాకు సమ్మతం కాదు. అదే గ్రంథంలో కాస్త ముందుకు పోతే పాత్రకు పది ప్రాణాలున్నాయి: జవం, స్థిరత్వం, రేఖ, భ్రమరి, దృష్టి, అశ్రమం, మేధ, శ్రద్ధ, వచస్సు, గీతం. వీటిలో నడుముకొలత లేదు. రేఖ అన్నది కూడా ఒంటి లావు గురించి కాదు, అవయవాలు ఒకదానితో ఒకటి పొందికగా నిలవడం గురించి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అశ్రమం. అలుపు లేకపోవడం. ఊపిరి బిగబట్టిన ఒంటికి అది ఎప్పటికీ రాదు. సొమాటిక్స్ వాళ్ళు నేలమీద పడుకోబెట్టి వెతికేది ఈ అశ్రమాన్నేనని నా నమ్మకం. 

ఇక మన కూచిపూడినే చూడండి. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా రంగం మీదికి వస్తే, తెర మీదుగా జడ వేసి నిలబడితే, చూసినవాళ్ళకి కనిపించింది సత్యభామే. అది పురుషుడి ఒళ్ళు. ఆడవేషం కట్టడంలోని ఘనతకు 1970లో పద్మశ్రీ వచ్చింది. లావణ్యం కొలతల్లో ఉంటే ఆ సత్యభామ ఎక్కడినుంచి వచ్చినట్టు? భరతనాట్యంలో బాలసరస్వతి గారి మీద సత్యజిత్ రాయ్ 1976లో చిత్రం తీసేనాటికి ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు, నిండైన ఒళ్ళు. సముద్రం ఒడ్డున ఆమె చేసిన అభినయం అందులో ఉంది. మీ అమ్మాయితో కలిసి కూర్చుని చూడండి. ఏమీ వివరించకండి.

ఇప్పుడు ఇంటి సంగతికి వస్తాను. క్లాసు అయ్యాక బండి మీద వెనక కూర్చున్న పిల్లని మనం అడిగేది సాధారణంగా "ఎలా చేశావు? టీచర్ ఏమన్నారు?" అని. ప్రోగ్రాం అయ్యాక అయితే "ఎంత బాగున్నావో!" అంటాం. ఈ ప్రశంస కూడా కనిపించడం గురించే. దానికి బదులు ఒక్క ప్రశ్న మార్చి చూడండి: "ఇవాళ ఏ అడుగు దగ్గర ఒళ్ళు తేలిగ్గా అనిపించింది?" మొదటివారం "ఏమో" అంటారు. రెండోవారం కూడా "ఏమో"నే. ఓపిక పట్టండి. ఒకరోజు "ఆ తీర్మానం దగ్గర కుడికాలు నాది కాదన్నట్టు ఉందమ్మా" అని వాళ్ళే మొదలుపెడతారు. అప్పుడు వెంటనే సలహా ఇవ్వకండి. "అవునా, ఎడమకాలో?" అనండి చాలు.

రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు చాప పరిచి పిల్లని వెల్లకిలా పడుకోమనండి. మోకాళ్ళు మడిచి పాదాలు నేలకి ఆనించాలి, తల కింద మడతపెట్టిన తువ్వాలు, చేతులు పొట్ట మీద. మీరూ పక్కనే పడుకుంటే మరీ మంచిది. లైటు తగ్గించండి. నెమ్మదిగా అడగండి: నేలకి వీపు ఎక్కడ ఆనింది, ఎక్కడ ఆనలేదు? కుడి పిరుదు బరువుగా ఉందా, ఎడమదా? ఊపిరి లోపలికి వచ్చినప్పుడు చేతులు లేస్తున్నాయా? దవడ బిగిసి ఉందా? జవాబు పైకి చెప్పక్కర్లేదు. దేన్నీ సరిచేయక్కర్లేదు కూడా. సరిచేయాలన్న తొందరే ఇక్కడ అడ్డం. నిద్రపడితే పడనివ్వండి. ఒక తల్లి నాతో అంది, "పాప సంగతేమో గానీ టీచర్, నా పొట్ట కూడా ఇరవై ఏళ్ళనుంచి బిగబట్టే ఉంచానని ఆ చాప మీద తెలిసింది" అని. ఆ మాట నేను మరిచిపోలేదు. అద్దం ముందు నిలబడి "ఛీ, ఎంత లావైపోయానో" అని మనం అనుకునే మాటలు కూడా పిల్లలు నేర్చుకునే పాఠాలే. ఆ పాఠానికి ఫీజు కట్టం, అంతే తేడా.

బంధువుల నోళ్ళు మూయించలేం. అయినా పిల్ల పక్కన మనం నిలబడగలం. పెళ్ళిలో ఎవరో "ఏమే, డాన్సు చేస్తూ కూడా ఇలా బొద్దుగా ఉన్నావేంటి" అంటే, చాలామంది తల్లులు మొహమాటానికి నవ్వి "అవునండీ, తిండి తగ్గించమంటే వినదు" అంటారు. పిల్లకి ఆ పెద్దమ్మ మాటకంటే మీ జవాబే లోతుగా దిగుతుంది. "మా పాప పూర్తి తరంగం పళ్ళెం మీద చేస్తోంది పిన్నీ, చూడ్డానికి రండి" అనండి. మర్యాద పోదు, మాటా మళ్ళుతుంది. రంగు గురించి కూడా ఇదే. ముఖానికి ఒక రంగు, చేతులకి ఇంకో రంగు కనిపించేలా మేకప్ వేయించడం మానేద్దాం. పిల్ల రంగుకి సరిపోయే పాన్‌కేక్ తెమ్మని మేకప్ వేసే ఆయనకి ముందే చెప్పొచ్చు.

పది, పదకొండేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా ఆడపిల్లల ఒళ్ళు వాళ్ళు అడగకుండానే మారుతుంది. ఎత్తు పెరిగే రోజుల్లో కాస్త ఒళ్ళు చేయడం ప్రకృతి చేసే ఏర్పాటు. చేతులూ కాళ్ళూ హఠాత్తుగా పొడుగైతే నిన్నటి బ్యాలెన్సు ఇవాళ ఉండదు, వంగే ఒళ్ళు బిగుసుకున్నట్టు ఉంటుంది. ఆ ఏడాది పిల్ల వెనకబడ్డట్టు కనిపిస్తుంది. అది వెనకబాటు కాదు, కొత్త ఇల్లు సర్దుకుంటోంది. సరిగ్గా ఆ వయసులోనే ఎముకలు గట్టిపడతాయి, కాబట్టి సరిగ్గా ఆ వయసులోనే తిండి తగ్గించకూడదు. క్లాసుకి గంట ముందు ఒక అరటిపండో రెండు ఇడ్లీలో తిని రమ్మనండి. "డాన్సు ఉంది, తినకు" అన్న మాట ఇంట్లో వినిపించకూడదు.

మగపిల్లలకి వేరే బాధ. స్కూల్లో ఆడంగి అని ఏడిపిస్తారు. అది భరించలేక కొందరు భుజాలు వెడల్పు చేసి, గడ్డం ముందుకి తోసి, ఒళ్ళంతా బిగించి నాట్యం చేస్తారు. ఆ బిగింపును కూడా అద్దంలోంచి కాదు, లోపలినుంచే విప్పాలి. సత్యనారాయణ శర్మ గారి కథ ముందుగా వినాల్సింది వాళ్ళే.

గురువు దగ్గర ఎలా మాట్లాడాలని చాలామంది జంకుతారు. ఎదిరించినట్టు అవుతుందేమో, పిల్లని పక్కన పెడతారేమో అని భయం. నేను కూడా ఆ కుర్చీలో కూర్చున్నదాన్నే కాబట్టి చెబుతున్నాను, మెత్తగా విడిగా చెబితే చాలామంది వింటారు. "మాస్టారూ, అడుగు తప్పితే ఎంతైనా కోప్పడండి, ఒంటి గురించి మాత్రం పాప ముందు అనకండి, మనసులో పెట్టుకుంటోంది" అంటే అందులో అగౌరవం ఏమీ లేదు. ఎత్తునుబట్టి వరుసలు వేయడం మామూలే. లావునుబట్టి వెనక వరుసలోకి తోయడం, అందరి ముందూ బరువు చూడటం, సన్నబడితేనే సోలో అనడం మామూలు కాదు. చెప్పినా మారకపోతే గజ్జెలు విప్పి ఇంకో గుమ్మం ఎక్కండి. విద్య ఒక్క గుమ్మంలోనే లేదు.

ఒక విషయం మాత్రం మెత్తగా చెప్పలేను. నాట్యం నేర్చుకునేవాళ్ళ మీద జరిగిన ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి 2014లో ఒక సమీక్ష వచ్చింది. వాళ్ళలో నూటికి పన్నెండుమందికి తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలున్నాయని, బ్యాలేలో అయితే పదహారు దాకా అని, మిగతావాళ్ళకంటే ముప్పు దాదాపు మూడింతలని తేల్చింది. అవి ఎక్కువగా పడమటి దేశాల లెక్కలు, కూచిపూడివి కావు. కానీ నేను చూసిన గుర్తులు అవే. క్లాసులో తిన్నానని ఇంట్లో, ఇంట్లో తిన్నానని క్లాసులో చెప్పడం. నలుగురితో కలిసి కూర్చుని తినకపోవడం. తిన్న వెంటనే బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పడం. ఎండాకాలంలో కూడా వదులు బట్టలు, పైన చున్నీ. ఎప్పుడూ చలి అనడం, కళ్ళు తిరగడం. క్లాసు సరిపోనట్టు రాత్రి గదిలో తలుపేసుకుని గంటలు గంటలు చేయడం. నెలసరి వరుసగా మూడు నెలలు ఆగినా, పదిహేనేళ్ళు నిండినా మొదలుకాకపోయినా డాక్టరుకి చూపించాలి. "డాన్సు చేసే పిల్లలకి అంతేలే" అని ఊరుకోకండి. పిల్ల సన్నగా కనిపించకపోయినా ఇది ఉండొచ్చు. ఇలాంటప్పుడు చాప మీద పడుకోబెట్టడం, ఊపిరి చూసుకోమనడం వైద్యం కాదు. వైద్యుడూ, మనసు తెలిసిన నిపుణుడూ కావాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, డబ్బు కట్టక్కర్లేదు.

మొదట చెప్పిన ఆ పాప విషయంలో అంత దూరం పోవాల్సి రాలేదు. వాళ్ళమ్మతో మాట్లాడాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, చిన్నప్పుడు తనకి కూడా పెళ్ళిచూపుల ముందు ఇలాగే జాకెట్టు రెండంగుళాలు తగ్గించి కుట్టించారని చెప్పింది. ఆ ఏడాది డ్రెస్సు కుట్లు విప్పించి వదులు చేయించాం. వడ్డాణానికి ఒక దారం కలిపాం. అరమండి పూర్తిగా రావడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది.

మొన్న మళ్ళీ కొలతల రోజు. ఇప్పుడా పిల్ల ఇంటర్లో ఉంది. తన వంతు వచ్చినప్పుడు టైలరు టేపు చుట్టి, చదవబోయాడు.

"ఒక్క నిమిషం అంకుల్" అంది. పొట్టనిండా ఊపిరి తీసుకుని నిలబడింది. "ఇప్పుడు చూడండి."

ఆయన టేపు వదులు చేసి, మళ్ళీ చుట్టి, కుర్రాడికి కొత్త అంకె చెప్పాడు.